ముప్పై శాతం సముద్రంలో శ్రీకాకుళం వాటా

సముద్రాన్ని కాపాడటానికి ఇవాళ లోకంలో ఉన్న పెద్ద అడ్డంకి సముద్ర శాస్త్రమే. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. శాస్త్రవేత్తలు కాస్త నోరు మూసుకుని కూర్చుంటే 2030 దాకా ఆగే పనే లేదు, వచ్చే నెలాఖరుకల్లా లక్ష్యం కొట్టేయొచ్చు.

లక్ష్యం సంగతి తెలియని వాళ్ల కోసం: 2022 డిసెంబరులో దేశాలన్నీ మాంట్రియల్‌లో కూర్చుని జీవవైవిధ్యం మీద ఒక ఒడంబడిక రాసుకున్నాయి. అందులో లక్ష్యాలు 23. మూడోది ఏమిటంటే 2030 నాటికి నేలలో 30 శాతం, సముద్రంలో 30 శాతం రక్షణలో ఉండాలి. దీనికి ముందు 2020 నాటికి సముద్రంలో 10 శాతం అనుకున్నారు. బండి ఎనిమిది దగ్గర ఆగిపోయింది. పది మార్కులు తెచ్చుకోలేని కుర్రాడికి పాస్ మార్కు ముప్పై చేస్తే వాడే దారికొస్తాడన్నమాట. మా టెక్కలి ట్యూషన్ మాస్టార్లకు ఇన్నాళ్లూ ఈ ఉపాయం తట్టలేదు.

సరే, మన వాటా ఎంతో చూద్దాం. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఏ జిల్లాకూ ఇంత లేదు. ముప్పై శాతమంటే 58 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం దగ్గర డొంకూరులో సున్నం గీత మొదలుపెడితే బారువ దాటి ఇంకా ముందుకు రావాలి, అంతే. చివర్లో ఒక బోర్డు, ఒక రిబ్బను. విజయనగరం వాళ్లకున్నదే 28 కిలోమీటర్లు. చింతపల్లి దగ్గర ఎనిమిదిన్నర రాసిస్తే వాళ్ల బాకీ తీరిపోతుంది. మంచివాళ్లు, ఇచ్చేస్తారు.

సరిగ్గా ఇక్కడే శాస్త్రవేత్త తయారవుతాడు. ఆ గీత లోపల ఏముంది? ఏ కాలంలో ఉంటుంది? ఎంత లోతున ఉంటుంది? గీత కొట్టాక పెరిగిందా, తరిగిందా? ఇవీ ఆయన ప్రశ్నలు. ప్రపంచ సముద్రాల అడుగును ఇప్పటిదాకా సరిగ్గా కొలిచి పటం గీసింది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమేనట. అయితే ఏం? చూసినదాన్ని కాపాడటం కన్నా చూడనిదాన్ని కాపాడటం ఎప్పుడూ తేలికే. అక్కడేం పోయిందో ఎవరికీ తెలియదు కాబట్టి ఏమీ పోనట్టే.

వీళ్లు అలా ఊరుకోరు. ఆర్గో అని తేలే యంత్రాలు దాదాపు నాలుగు వేలు సముద్రాల్లో వదిలారు. ఒక్కోటి వెయ్యి మీటర్ల లోతున నీటితో పాటు కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకొస్తూ నీటి వేడిని, ఉప్పదనాన్ని కొలిచి, ఉపగ్రహానికి చెప్పేసి మళ్లీ మునుగుతుంది. సెలవు పెట్టదు, టీఏ డీఏ అడగదు. ఇలాంటి ఉద్యోగి వల్ల మిగతా ఉద్యోగులకు ఎంత ఇబ్బందో ఆలోచించారా? పైగా కొన్నిటికి ఆక్సిజన్ కొలిచే పరికరం కూడా తగిలించారు. మన బంగాళాఖాతంలో కొంత లోతు దాటాక చాలా జీవులకు ఊపిరాడనంత తక్కువ ఆక్సిజన్ ఉన్న పొర ఉంది. పటం మీద మనం ముచ్చటగా నీలిరంగు వేసుకున్న నీళ్లలో చేప బతుకుతుందో లేదో కూడా వీళ్లు చెప్పేస్తారు. ఆ మాట ఎవరడిగారు?

ఇంకో బృందం లీటర్లకొద్దీ నీళ్లు పట్టుకుపోతోంది. చేపలు వదిలిన జిగురు, పొలుసుల తునకల్లో డీఎన్ఏ చదివి, ఆ దారిన ఏయే జాతులు తిరిగాయో వల వేయకుండానే జాబితా ఇస్తారు. ఇది చేపల సొంత విషయాల్లో తలదూర్చడమేనని నా అభిప్రాయం.

అలాగని మనం శాస్త్రాన్ని బొత్తిగా వాడుకోవడం లేదనుకోకండి. సముద్రం కనిపించని హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. ఉపగ్రహాలు చూసిన నీటి వేడిని, నీటిలోని పచ్చదనాన్ని బట్టి చేపలు ఎక్కడ చేరతాయో అంచనా కట్టి, దిక్కు, దూరం, లోతు లెక్కలతో తెలుగులో కబురు పంపుతుంది. వేట నిషేధ కాలంలో మాత్రం ఆపేస్తుంది. డీజిల్ కలిసొస్తుంది, వెతుకులాట తగ్గుతుంది, పెద్ద అలల హెచ్చరికలూ వస్తాయి. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. నా బాధల్లా ఒకటే, కబురు ఒక పక్షానికే వెళ్తోంది. "కళింగపట్నం లైట్‌హౌస్‌కు తూర్పున రేపు మరబోట్లు తిరిగే అవకాశం ఉంది, కానాగంతలు దక్షిణానికి సర్దుకోగలరు" అని చేపలకు ఒక్క మెసేజైనా పోతోందా? ఎదుటి పక్షానికి నోటీసు ఇవ్వకుండా తీర్పు చెప్పే పద్ధతి ఏ కోర్టులోనూ లేదు.

బుడగట్లపాలెంలో ఒక పెద్దాయనతో ఈ మాటే అంటే ఆయన చేపల బాధ పట్టించుకోలేదు. "మాకొచ్చిన మెసేజే పెద్ద బోటోడికీ వత్తాది గదా బావూ. ఆడు మాకన్నా ముందెల్లిపోతాడు" అన్నాడు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలికి మరబోట్లు రాకూడదని రూలుంది కదా అన్నాను. ఆయన నవ్వి, చుట్ట వెలిగించుకోవడానికి అగ్గిపెట్టె ఉందా అని అడిగాడు.

సమాచార సేకరణలో మా జిల్లా జనం మాత్రం ఎవరికీ తీసిపోరు. 2023లో సంతబొమ్మాళి మండలం మేఘవరం ఒడ్డుకు నీలి తిమింగలం కొట్టుకొచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఫోన్లతో కదిలాయి. ఏ ఫొటోలోనూ తిమింగలం పూర్తిగా కనిపించకపోవచ్చు. ముందు మేం నిలబడి ఉంటాం కదా.

అసలు చిక్కు తాబేళ్లతో. ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో వెళ్లి గుడ్లు పెట్టేది ఒడిశా రుషికుల్య, గహీర్‌మఠ తీరాల్లో. కొన్ని మా ఇసుకకూ వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్‌లో కూర్చోబెట్టాం, అంతకన్నా మర్యాద ఏం చేయగలం? అయినా ఏటా చలికాలంలో మా ఒడ్డున చచ్చి తేలుతుంటాయి. తాబేలు గాలి పీల్చే జీవి. మరబోటు వెనక లాక్కుపోయే సంచిలాంటి ట్రాల్ వలలో గంటల తరబడి ఇరుక్కుంటే సముద్రంలో ఉండి కూడా మునిగి చస్తుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపల సంతానం కోసం పెట్టినది. తాబేళ్లేమో ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య వచ్చి గుడ్లు పెట్టి పోతాయి. పది కోట్ల ఏళ్లకు పైగా ఈ భూమ్మీద ఉన్న సముద్ర తాబేళ్ల వంశం, ఇంతవరకు ఒక్క జీవో చదివిన పాపాన పోలేదు.

దీనికీ శాస్త్రవేత్తలు మందు కనిపెట్టారు. వలలో ఏటవాలుగా ఒక ఊచల చట్రం బిగిస్తారు. రొయ్య సందుల్లోంచి వల అడుక్కు పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. మన వేటకు తగ్గట్టు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సీఐఎఫ్‌టీ ఒకటి తయారుచేసింది కూడా. ఆ కంతలోంచి చేపలూ పోతాయని బోట్ల వాళ్ల గోల. ఈలోగా ఈ చట్రం లేని మన ట్రాల్ వలల రొయ్యను కొనం పొమ్మంది అమెరికా. దాంతో తాబేలు ప్రాణానికి తొలిసారి డాలర్లలో ధర తెలిసొచ్చింది. అప్పటినుంచి దాని మీద మన ప్రేమ బాగా పెరిగింది.

గీతల విషయంలోనూ తాబేళ్లు మాట వినవు. 2021లో ఒడిశాలో ట్యాగు కట్టి వదిలిన తాబేలు ఒకటి 2025లో మహారాష్ట్ర గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ దొరికింది. తూర్పు తీరంలో రక్షించినదాన్ని పడమటి తీరంలో ఎవరి ఖాతాలో రాయాలి? మా వాళ్లకు మాత్రం ఇది వింతగా అనిపించలేదు. ఇక్కడి సముద్రంలో పొట్ట గడవక మా మత్స్యకారులు ఏటా గుజరాత్ వేరావల్ వెళ్లి బోట్లెక్కుతారు. ఆ తాబేలునూ అదే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లి ఉంటాడు.

అందుచేత నా ప్రతిపాదన: డొంకూరు నుంచి సున్నం గీత పని వెంటనే మొదలుపెట్టాలి. కొలతలు, ట్యాగులు, నీళ్ల సీసాలు 2030 దాకా వాయిదా వేయాలి. గీత మీద అభ్యంతరాలున్న తాబేళ్లు పనిదినాల్లో ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు లోపు, గుడ్లు పెట్టిన స్థలం సర్వే నంబరుతో సహా, రెండు ప్రతుల్లో అర్జీ ఇచ్చుకోవచ్చు. రాత్రిపూట వచ్చినవాటిని పరిగణించబోరు.