బ్లాక్ డయాగ్రాలతో వైర్‌లెస్ ఆవిష్కరణలు పుట్టవు

విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న ఇంజనీరింగ్ కళాశాలల వార్షిక నివేదికల్లో ఇప్పుడు పేటెంట్ల పేజీ తప్పనిసరి. ఈసీఈ విభాగం వంతు వచ్చేసరికి తరచూ ఒకే తరహా శీర్షికలు: ఐఓటీ ఆధారిత పంట పర్యవేక్షణ, కృత్రిమ మేధతో నీటి నిర్వహణ. దరఖాస్తు తెరిస్తే చాలావాటిలో ఐదారు పెట్టెలు, మధ్యలో బాణాలు. సెన్సర్ ఒక పెట్టె, మైక్రోకంట్రోలర్ ఒకటి, ఆ పక్కన వైర్‌లెస్ మాడ్యూల్, క్లౌడ్, మొబైల్ ఫోన్. ఒక్క రెసిస్టర్ విలువ ఉండదు, ఒక్క కొలతా ఉండదు. వీటిని ఆవిష్కరణలుగా లెక్కపెట్టడం ఆపాలి.

ఇవి ఎందుకు పుడుతున్నాయో అందరికీ తెలిసిందే. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ కళాశాలల ర్యాంకింగులో మంజూరైన పేటెంట్లతో పాటు ప్రచురితమైన దరఖాస్తులకూ మార్కులున్నాయి. విద్యాసంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. పద్దెనిమిది నెలలు ఆగకుండా ముందే ప్రచురించమని ఫారం 9 పెడితే మరో 2,500. అంటే 4,100 రూపాయలకు ప్రచురణ సంఖ్య చేతికొస్తుంది. పేటెంట్ కార్యాలయం అసలు పరీక్ష మొదలుపెట్టాలంటే ఫారం 18 పెట్టాలి. 31 నెలల్లోగా అది పెట్టకపోతే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే. మార్కులు మాత్రం అప్పటికే పడిపోయి ఉంటాయి.

వైర్‌లెస్‌లో ఆవిష్కరణ ఆ పెట్టెల లోపల జరగదు, వాటిని కలిపే గీతల మీద జరుగుతుంది. యాంటెన్నా నుంచి వచ్చే మైక్రోవోల్టులు అంకెలుగా మారే దారిలో ఏదో ఒకటి మొండికేస్తుంది. ఆ మొండితనానికి దొరికిన మందే ఆవిష్కరణ. 1975లో బర్క్‌లీలో మెక్‌క్రియరీ, గ్రే చేసిన పని చూడండి. అనలాగ్ వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీకి కచ్చితమైన రెసిస్టర్లు కావాలి. ఎంఓఎస్ (మాస్) తరహా చిప్పు మీద అవి సరిగ్గా రావు. కానీ పక్కపక్కన గీసిన రెండు కెపాసిటర్ల నిష్పత్తి మాత్రం చక్కగా నిలుస్తుంది. దాంతో వాళ్లు రెసిస్టర్లను వదిలేసి కెపాసిటర్లలోని విద్యుత్ ఛార్జిని తూచారు. మిర్చి యార్డు కాటా మీద ముందు పెద్ద తూకపురాయి, తర్వాత అందులో సగం, ఆ తర్వాత పావు వేసి సరిచూసినట్టు, పది తూకాల్లో పది బిట్లు. ఇవాళ మైక్రోకంట్రోలర్లలో కనిపించే ఏడీసీల్లో ఎక్కువ భాగం ఆ కుటుంబానివే. చిప్పు తయారీ ప్రాసెస్ ఎక్కడ బలహీనమో, ఎక్కడ బలంగా ఉందో కొలిచి చూసినవాళ్లకే ఆ ఆలోచన వస్తుంది.

రిసీవర్ సంగతీ అంతే. ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో సూపర్ హెటిరోడైన్ (సంకేతాన్ని ముందు ఒక మధ్యస్థ ఫ్రీక్వెన్సీకి దించి వడపోసే రిసీవర్) కనిపెట్టాడు. దానికి కావలసిన పదునైన ఫిల్టర్లు చిప్పులో ఇమడవు. వాటిని తీసేసి సంకేతాన్ని నేరుగా సున్నా ఫ్రీక్వెన్సీకి దించుదామంటే వేరే చిక్కు. మైనస్ 100 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే శక్తి) సంకేతం 50 ఓమ్‌ల మీద సుమారు 2.2 మైక్రోవోల్టులే. సంకేతాన్ని కిందికి దించడానికి రిసీవర్ తానే పుట్టించే తరంగం, అంటే లోకల్ ఆసిలేటర్, నుంచి యాంటెన్నా వైపు మైనస్ 60 డీబీఎం కారినా, ఆ కారిన శక్తి అసలు సంకేతానికి పది వేల రెట్లు. అది తిరిగొచ్చి ఆ దించే పని చేసే మిక్సర్‌లో తనతో తానే కలిసి డీసీ ఆఫ్‌సెట్, అంటే కదలని తప్పుడు వోల్టేజీ, అవుతుంది. తర్వాతి ఆంప్లిఫయర్ ఆ డీసీతోనే నిండిపోతుంది, సంకేతానికి చోటుండదు. వై-ఫైలో దీనికి దొరికిన పరిష్కారం నాకు చాలా ఇష్టం. 802.11ఏ ప్రమాణంలో 64 ఉపవాహకాలకు (సమాచారం మోసే చిన్న చిన్న ఫ్రీక్వెన్సీలకు) చోటుంటే వాడేది 52. సరిగ్గా మధ్యలో, డీసీ పడే చోట, ఏ సమాచారమూ పంపరు. సర్క్యూట్ బలహీనత ఏమిటో తెలిసి, దాన్ని తప్పించుకునేలా సంకేతాన్నే మలిచారు. కమ్యూనికేషన్ సిద్ధాంతం, అనలాగ్ డిజైన్ తెలిసినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఇది సాధ్యం కాదు. మన దగ్గర ఆ రెండూ వేర్వేరు సెమిస్టర్లలో, వేర్వేరు ప్రశ్నపత్రాలుగా ముగుస్తాయి.

మన విజయవాడ అవసరానికే వద్దాం. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగాక, నీటిమట్టం చెప్పే వైర్‌లెస్ పరికరం ప్రతి కళాశాలకూ ఇష్టమైన ప్రాజెక్టు అయిపోయినా తప్పులేదు. లైసెన్సు అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ పట్టీ ఉంది, తక్కువ శక్తితో దూరం పంపే లోరా రేడియో మాడ్యూళ్లు చవకగా దొరుకుతాయి. కానీ ఆ డయాగ్రంలో సెన్సర్ పెట్టె నుంచి మైక్రోకంట్రోలర్ పెట్టెకు గీసిన ఆ ఒక్క బాణం ఎంత పనో చూడండి.

అయిదు మీటర్ల నీటిని కొలిచే బ్రిడ్జి (నాలుగు రెసిస్టర్ల వంతెన) తరహా పీడన సెన్సర్, దానికిచ్చిన ప్రతి వోల్టుకు 2 మిల్లీవోల్టులు ఇచ్చేదనుకుందాం. 3.3 వోల్టుల మీద మొత్తం పరిధికి 6.6 మిల్లీవోల్టులు వస్తాయి. పది బిట్ల ఏడీసీలో ఒక్క మెట్టు 3.2 మిల్లీవోల్టులు. నేరుగా కలిపితే అయిదు మీటర్ల వరద మొత్తం రెండు మెట్లలో అయిపోతుంది. సరే, 400 రెట్లు పెంచే ఆంప్లిఫయర్ పెట్టారు. అందరి దగ్గరా ఉండే ఎల్ఎం358 ఆంప్లిఫయర్ చిప్పు వాడితే దాని సొంత ఆఫ్‌సెట్టే రెండు మూడు మిల్లీవోల్టులు, అంటే సంకేతంలో సగానికి దగ్గర. అది స్థిరంగా ఉంటే ఒకసారి తీసేయవచ్చు, కానీ ఉండదు. డిగ్రీకి ఏడు మైక్రోవోల్టుల చొప్పున జరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర సరిచేసిన పెట్టె మే నెల ఎండలో లోపల 65కి చేరితే 280 మైక్రోవోల్టుల తేడా, నీటిమట్టంలో 21 సెంటీమీటర్లు. అదే డిజైన్ కంప్యూటర్‌లో సర్క్యూట్‌ను నడిపి చూపే స్పైస్‌లో అందంగా పనిచేస్తుంది, ఎందుకంటే మనం వేరే చెప్పకపోతే అది 27 డిగ్రీల దగ్గర నడుస్తుంది. బెజవాడ మే నెలకు 27 డిగ్రీలు తెలియదు.

అక్కడితో అయిపోదు. 20 డీబీఎం దగ్గర లోరా మాడ్యూళ్లలో ఉండే ఎస్ఎక్స్1276 చిప్పు సుమారు 120 మిల్లీఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ, తీగలు కలిపి ఒక ఓమ్ ఉంటే సప్లై 120 మిల్లీవోల్టులు కుంగుతుంది. బ్రిడ్జికీ ఏడీసీ రిఫరెన్సుకూ ఒకే సప్లై ఇస్తే ఆ కుంగుబాటు చాలావరకు కొట్టుకుపోతుంది, వేర్వేరుగా ఇస్తే రీడింగులోకి దిగుతుంది. ఇంకో దొంగ కూడా ఉన్నాడు. 865 మెగాహెర్ట్జ్ శక్తి ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లలో రెక్టిఫై అయి డీసీగా తేలుతుంది. రీడింగు ఊగదు, నిలకడగా తప్పు చెబుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇన్‌పుట్‌లో 100 ఓమ్‌లు, 100 పికోఫారడ్‌లు పిన్నుకు ఆనించి పెట్టాలి. రేడియో నిద్రలో ఉన్నప్పుడే కొలవాలి. ఆఫ్‌సెట్ పోవాలంటే బ్రిడ్జి ధ్రువాలు తారుమారు చేసి రెండు రీడింగులు తీసుకుని తేడా తీయాలి, లేదంటే హెచ్ఎక్స్711 లాంటి 24 బిట్ల డెల్టా-సిగ్మా మార్పిడి చిప్పు వాడాలి. ఇక పక్కనే ఉన్న స్విచ్చింగ్ కన్వర్టర్ శబ్దం రిసీవర్ నాయిస్‌ను 10 డెసిబెల్స్ పెంచితే, అడ్డంకుల్లేని చోట కూడా అందే దూరం మూడో వంతుకు పడిపోతుంది. 8.7 సెంటీమీటర్ల పావు తరంగ యాంటెన్నాను ఇనుప పెట్టెకు ఆనించి బిగిస్తే దాని ట్యూనింగు మారుతుంది. కొన్ని వేల రూపాయల నానో వీఎన్‌ఏ (యాంటెన్నా ట్యూనింగు కొలిచే చిన్న పరికరం)తో అయిదు నిమిషాల్లో ఆ మార్పు కనిపిస్తుంది.

వీటిలో ప్రతి చిక్కుకూ తెలిసిన మందులున్నాయి. తెలిసిన మందు పనిచేయని చోట, దానికంటే చవకైనది దొరికిన చోట అసలైన పేటెంటు మొదలవుతుంది. చట్టం కోరేదీ అదే. పేటెంట్ చట్టం సెక్షన్ 10(4) ఆవిష్కరణను పూర్తిగా వివరించమంటుంది, దరఖాస్తుదారుకు తెలిసిన ఉత్తమ పద్ధతి బయటపెట్టమంటుంది. బాణం గీస్తే పద్ధతి చెప్పినట్టు కాదు. పైగా వ్యవసాయ పద్ధతికి సెక్షన్ 3(హెచ్) కింద, అల్గారిథమ్‌కు 3(కే) కింద పేటెంటు రాదు. చిప్పు లేఅవుట్‌కు కూడా ఇక్కడ రాదు, దానికి 2000 నాటి ప్రత్యేక చట్టం ఉంది. పంట పేరు, ఏఐ పేరు శీర్షికలో పెట్టి, నిజంగా రక్షణ దొరికే సర్క్యూట్‌ను వదిలేయడం చేతులారా నష్టం తెచ్చుకోవడం.

చిప్పు డిజైన్ టూల్స్ ఖరీదు, తయారీ ఇంకా ఖరీదు, పిల్లలంతా సాఫ్ట్‌వేర్ వైపే, ముందు దరఖాస్తు రాయడం అలవాటైతే నాణ్యత తర్వాత వస్తుందని యాజమాన్యాలు అంటాయి. కష్టం నిజమే. కానీ కేంద్రం చిప్స్ టు స్టార్టప్ కింద కళాశాలలకు డిజైన్ టూల్స్ ఇస్తోంది. స్కైవాటర్ 130 నానోమీటర్ల డిజైన్ కిట్ 2020 నుంచి అందరికీ ఉచితం, సర్క్యూట్‌ను పరీక్షించే ఎన్‌జీస్పైస్, లేఅవుట్ గీసే మ్యాజిక్ కూడా ఉచితమే. పైన చెప్పిన బుడమేరు లెక్కకైతే చిప్పు తయారీ అక్కర్లేదు, మంచి సోల్డరింగ్ చాలు. నాణ్యత తర్వాత వస్తుందన్న మాట నేను నమ్మను. కొలవకుండా రాయడం అలవాటైన చేయి తర్వాత కూడా కొలవదు.

అసలు కొరత డబ్బులో లేదు, చేతిపనికి ఇచ్చే విలువలో ఉంది. విజయవాడ పక్కనున్న కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల 1977లో మొదలైంది. దాదాపు అయిదు దశాబ్దాల ఇంజనీరింగ్ విద్య ఉన్న ప్రాంతమిది. ఇదే విజయవాడలో ఆటోనగర్ ఉంది, అక్కడ లారీ బాడీ కట్టే మేస్త్రీకి ఏ అతుకు ఏ గతుకులో ఊడుతుందో తెలుసు. ఆ రకం తెలివిని మన ప్రయోగశాల గుమ్మం దాటనివ్వలేదు. ల్యాబ్ టెక్నీషియన్ అంటే తాళం తీసి, రికార్డు పుస్తకాలు సర్దే ఉద్యోగి అనుకున్నాం. ప్రోబ్ గ్రౌండ్ తీగ పొడవైతే తరంగంలో లేని గంట మోగుతుందని, ఏడీసీకి పది కిలో ఓమ్‌ల కంటే ఎక్కువ సోర్స్ ఇంపెడెన్స్ ఉంటే లోపలి కెపాసిటర్ నిండక రీడింగు తప్పుతుందని, పిన్ను దగ్గర 0.1 మైక్రోఫారడ్ పెడితే సర్దుకుంటుందని పిల్లలకు చేత్తో చూపించవలసింది ఆయనే. జీతాల పట్టికలో, గౌరవాల వరుసలో ఆయన్ను చివర పెట్టి, మిక్స్‌డ్ సిగ్నల్ (అనలాగ్, డిజిటల్ కలిసిన సర్క్యూట్ల) పరిశోధన ఎందుకు రావడం లేదని అడగడం అన్యాయం.

అందుకే కళాశాలల నుంచి రెండు విషయాలు కోరుతున్నాను. పేటెంట్ల పేజీలో ప్రచురణ సంఖ్య పక్కనే ఫారం 18 పెట్టారా, పరీక్షా నివేదికకు జవాబిచ్చారా అని రాయాలి. సర్క్యూట్, వైర్‌లెస్ దరఖాస్తు ప్రతిదానికీ ఒక కొలతల కాగితం జతచేయాలి: ఏ పరికరంతో, ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఎంత సప్లై మీద, ఎన్ని నమూనాల మీద కొలిచారో అందులో ఉండాలి. కొలిచిన టెక్నీషియన్ సంతకం దాని కింద ఉండాలి, చిక్కు విప్పింది ఆయనే అయితే పేరు ఆవిష్కర్తల వరుసలోనే ఉండాలి. ఆ కాగితం లేనిదే ఫారం 1 చెన్నై కార్యాలయానికి వెళ్లకూడదు.