కథ చివర కూర్చునే నీతి గారికి

మహారాజశ్రీ నీతి గారి సముఖానికి,

పిల్లల కోసం దయ్యాల కథలు రాసుకుని, వాటికి బొమ్మలు కూడా తనే వేసుకునే ఓ రచయిత్రి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. తమరి కుశలం వేరే అడగక్కర్లేదు. ఏ పిల్లల పత్రిక తెరిచినా, ప్రతి కథ కాళ్ళ దగ్గర గీతల పెట్టె ఒకటి వేయించుకుని, బొద్దు అక్షరాల్లో దర్జాగా కూర్చునే ఉంటున్నారు.

మొన్న నా కథలోకి కూడా వచ్చి కూర్చున్నారు. నేను పిలవలేదు.

తమరెప్పుడూ చివర్లో వస్తారు కాబట్టి కథ చదివి ఉండరు. టూకీగా చెబుతాను. ఓ పల్లెటూరి పెరట్లో వాడకం మానేసిన గిలకబావి. రోజూ అర్ధరాత్రి గిలక కిర్రుమంటుంది. ఆ ఇంటి పిల్ల ధైర్యం చేసి లేచి వెళ్తే, ఓ దయ్యం నీళ్ళు తోడుతూ కనిపిస్తుంది. బొక్కెనకి చిల్లి. పైకొచ్చేసరికి చుక్క మిగలదు. మళ్ళీ వేస్తుంది, మళ్ళీ లాగుతుంది. ఎన్నాళ్ళ నుంచి లాగుతోందో దానికే గుర్తులేదు. పిల్ల కాసేపు చూసి, తాడుకి తనూ ఓ చెయ్యి వేస్తుంది. తెల్లవారుజామున బొక్కెన నిండుగా పైకొస్తుంది, నీళ్ళతో మాత్రం కాదు. దేంతో నిండిందో చివరి బొమ్మలో ఉంది.

కథ అచ్చయి వచ్చింది. చివరి బొమ్మని సగానికి కోసేసి, ఆ జాగాలో తమరు: "నీతి: నీటిని పొదుపుగా వాడాలి."

చచ్చినా నీళ్ళ మోత తప్పని ఆడమనిషికి చెప్పాల్సిన మాటా ఇది?

తప్పంతా తమరిదేనని అనను. తమర్ని నా మీదికి తోలిన సంపాదకుడు గారున్నారు. కథ పట్టుకుని ఆయన ఆఫీసుకి వెళ్ళాను. గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి వేలాడదీశారు. లోపల పసుపు కుంకుమ రాసిన బూడిద గుమ్మడికాయ ఉట్టిలో ఊగుతోంది. సరిగ్గా దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఆయన అన్నమాట: "మూఢనమ్మకాలు పెంచే కథలు మేం వెయ్యమమ్మా. ఆ దయ్యాన్ని చివరికి దొంగని చేసెయ్యండి, హాయిగా వేసేద్దాం."

ఈ దొంగ నాకు బాగా పరిచయమే. తెల్లపంచె కప్పుకుని, మొహానికి సున్నం పూసుకుని, ఊరి చివర చింతచెట్టెక్కి కూర్చుంటాడు. తెలివైన కుర్రాడు ఒకడు వచ్చి పంచె లాగేస్తాడు. ఊళ్ళోవాళ్ళు కర్రలతో వస్తారు. దయ్యాలు లేవని రుజువవుతుంది. బాగానే ఉంది కానీ, దయ్యం లేదని తేలిన ఆ రాత్రే ఊళ్ళో దొంగ ఉన్నాడని కూడా తేలింది కదండీ! కథ విన్న పిల్ల ఇప్పుడు దేని గురించి నిశ్చింతగా పడుకోవాలి? దయ్యమైతే కథ అయిపోగానే పుస్తకంలోనే ఉండిపోతుంది. దొంగ అలా కాదు, తలుపు గడియ సరిగ్గా పడకపోతే వచ్చేస్తాడు.

తల్లిదండ్రులు ఇంకో రకం. "మీ పుస్తకం చదివి మావాడు రాత్రి బాత్రూంకి ఒక్కడే వెళ్ళడం లేదండీ" అని ఫోను. పాపం, నిజంగానే టెన్షన్ పడుతున్నారు. వెనకనుంచి అదే ఇంట్లో ఓ గొంతు వినిపిస్తూ ఉంటుంది: "ముద్ద మింగుతావా, బూచాణ్ణి పిలవనా?" మన ఇళ్ళల్లో ఒక తరం మొత్తం అన్నం తిన్నది బూచాడి దయవల్లే. బూచాడు చాలని రోజున పోలీసు, పోలీసూ చాలకపోతే సూది వేసే డాక్టరు. ఆ బెదిరింపులకి బొమ్మలుండవు, ముగింపుండదు, పుస్తకం మూసేసే వీలూ ఉండదు. అయినా ఎవరూ ఎక్కడా ఫిర్యాదు చెయ్యరు. అందులో తమరున్నారు కాబట్టి: నీతి, అన్నం పారెయ్యరాదు.

తమది పెద్ద వంశమని తెలుసు. పంచతంత్రం నాటి నుంచీ ఉన్నారు. 1853లో చిన్నయసూరి గారు 'నీతిచంద్రిక' అని తమ పేరునే పుస్తకం నుదుటన పెట్టుకున్నారు. కానీ ఆ కథల్లో తమరు చేసిన పనులు ఈమధ్య ఎవరైనా చదివారా అని నా అనుమానం. దమనకుడనే నక్క సింహానికీ ఎద్దుకీ స్నేహం కలుపుతుంది, తర్వాత చాడీలు చెప్పి విడదీస్తుంది. ఎద్దు చచ్చిపోతుంది. దమనకుడికి ఏ శిక్షా పడదు, మంత్రిగానే ఉంటాడు. విష్ణుశర్మ ముగ్గురు రాజకుమారులకి ఈ చదువు చెప్పింది వాళ్ళు బుద్ధిగా హోంవర్కు చేసుకుంటారని కాదు, రేపు సభలో కూర్చున్నప్పుడు పక్కనున్న దమనకుణ్ణి గుర్తుపడతారని. అంత చాకులాంటి వారు ఇవాళ "పెద్దల మాట వినవలెను" దగ్గర ఆగిపోయారు. ఉద్యోగం అంతే ఉంది, బుర్ర మాత్రం రిటైరైపోయింది.

ఫ్రాన్సులోనూ తమరికి బంధువులున్నారు. 1697లో షార్ల్ పెరో అచ్చువేసిన ఎర్రటోపీ పిల్ల కథలో వేటగాడు రాడు, కడుపు కోసి ఎవర్నీ బయటికి తియ్యడు. తోడేలు మింగుతుంది, కథ అయిపోతుంది. వెంటనే తమ బంధువు పద్యంలో ప్రత్యక్షమై, తియ్యగా మాట్లాడే తోడేళ్ళతో ఆడపిల్లలు జాగ్రత్తగా ఉండాలంటాడు. పిల్ల తోడేలు కడుపులో ఉండగా!

మన దగ్గర తమర్ని గుమ్మం తొక్కనివ్వని వాడు ఒక్కడే, బేతాళుడు. సంస్కృతంలో అతగాడి కథలు పాతిక. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు వాటిని కథాసరిత్సాగరంలో కలిపాడు. 1947లో మద్రాసులో పుట్టిన చందమామ ఆ చెట్టునీ ఆ శవాన్నీ అద్దెకి తీసుకుని వందల కొద్దీ కొత్త కథలు చెప్పించింది. ఒక్కదాని చివరా బేతాళుడు నీతి చెప్పడు. ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. రాజు నోరు విప్పుతాడు, శవం చెట్టెక్కుతుంది. జవాబు సరైనదైనా పని మళ్ళీ మొదటికే! ఇంతకన్నా ఘోరమైన పరీక్ష ఏ బోర్డూ పెట్టలేదు, అయినా పిల్లలు నెలనెలా ఎదురుచూసి మరీ రాశారు.

పాత పాతికలో ఆఖరి చిక్కుముడి ఇంకా గొప్పది. ఓ తండ్రీ కొడుకూ అడవిలో రెండు జతల ఆడవాళ్ళ అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాలు తల్లివి, చిన్నవి కూతురివి అనుకుని, పెద్దావిడ నాకు, చిన్నది నీకు అని ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి. మాట తప్పకూడదు కదా, తండ్రి కూతుర్నీ కొడుకు తల్లినీ చేసుకుంటారు. ఇప్పుడు ఆ రెండు జంటల పిల్లలు ఒకరికొకరు వరసకేమవుతారు? విక్రమార్కుడు నోరెత్తలేదు. పెళ్ళి పందిట్లో గుక్క తిప్పుకోకుండా వరసలు తేల్చే మా మేనత్తని ఒకసారి అడిగాను. ఆవిడా కాసేపు వేళ్ళు లెక్కపెట్టి, "ముందు ఆ తండ్రికి బుద్ధుండాలి" అని లేచిపోయింది. అన్ని కథల దండ చివరికి రాజు మౌనం మీద ఆగింది. తమరు ఆ ఛాయలకే రాలేదు.

ఆ రాజుని మనందరికీ చూపించింది చందమామలో బొమ్మలు వేసిన శంకర్ గారు. దూసిన కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. రాజు మొహంలో మాత్రం ఆఫీసుకి ఆలస్యమైనవాడి చిరాకు తప్ప భయం కనిపించదు. ఆయన 2020లో 97వ ఏట పోతే, 2021లో పద్మశ్రీ ప్రకటించారు. శవాల మీద నమ్మకం లేని దేశం కాదు మనది.

మధ్యలో ఆడదయ్యాల సంగతి ఒకటి. మగవాళ్ళకి చస్తే మంచి ఉద్యోగాలు దొరుకుతాయి. బేతాళుడికి ప్రశ్నలు వేసే పని, బ్రహ్మరాక్షసుడికి పాండిత్యం, చావడమే ఇష్టంలేని మాయల ఫకీరుకైతే ప్రాణం భద్రంగా చిలకలో దాచుకునే సౌకర్యం. ఆడవాళ్ళకి తెల్లచీర, జుట్టు విరబోసుకోవడం, గజ్జెల చప్పుడు. అంతే. పైగా "ఓ స్త్రీ రేపు రా" అని ఊళ్ళకి ఊళ్ళు తలుపుల మీద రాసిపెట్టాయి. పాపం వచ్చేదట, చదువుకునేదట, సరే రేపొద్దామని వెళ్ళిపోయేదట. మర్నాడూ అదే తలుపు, అదే మాట. ప్రభుత్వాఫీసు కౌంటరు దగ్గర నిలబడిన ప్రతిసారీ ఆవిడ మీద నాకు అభిమానం పెరుగుతుంది.

సరే, బొమ్మల దగ్గరికి వద్దాం. తమరు అన్నిటికన్నా ఎక్కువ పాడు చేసింది వాటినే. రాత్రిని గీయాలంటే పేజీ మీద నల్లసిరా ఒంపేస్తే సరిపోదు. తెలుపు ఎక్కడ వదలాలో చూసుకోవాలి: బావిగట్టు అంచు, తాడు మీద ఒక వార, పిల్ల వీపు మీద జడ పక్కన సన్నగా ఒక గీత. మిగతాదంతా చీకటి. దయ్యం మొహం నేను గియ్యను. గీసిన మొహానికి ఒక్క రాత్రిలో అలవాటు పడిపోతారు పిల్లలు. గిలక కిర్రుమన్న చప్పుడు కుడిపేజీలో అడుగున పెడతాను, ఎందుకంటే తర్వాతిది చూడాలంటే పేజీ తిప్పాలి. ఆ పేజీ తిప్పే చెయ్యి కొంచెం ఆగుతుంది చూడండి, నేను బతికేది దానికోసమే. పత్రికవాళ్ళు ఆ రెండు బొమ్మల్నీ ఒకే పేజీలో పక్కపక్కన సర్దేశారు. "దయ్యం మొహంలో కాస్త నవ్వు పెట్టండి" అని కూడా అన్నారు. మొహమే లేదు మహాప్రభో.

ఇంకో బొమ్మలో బావి నుంచి ఇంటి గుమ్మం దాకా తడి అడుగులు వేశాను, వేళ్ళు గుమ్మం వైపు. సంపాదకుడు గారు చూసి, "దయ్యం ఇంట్లోకి వచ్చేసినట్టుందమ్మా, పిల్లలు జడుసుకుంటారు, వేళ్ళు అటు తిప్పండి" అన్నారు. తిప్పలేదు. తర్వాత ఓ బడిలో ఆ బొమ్మే పెద్దది చేసి చూపిస్తూ కథ చెప్పాను. టీచర్లందరూ "అమ్మో, ఇంట్లోకొచ్చేసింది" అన్నారు. మూడో బెంచీలో, చొక్కా గుండీ ఊడిపోయిన పిల్ల ఒకతి లేచి, "కాదు మేడం, దయ్యానికి పాదాలు వెనక్కుంటాయి కదా. వేళ్ళు గుమ్మం వైపు ఉన్నాయంటే బావి దగ్గరికి వెళ్ళిపోతోందన్నమాట" అంది. క్లాసంతా ఒక్క క్షణం ఆగి, ఆ అడుగుల్ని మళ్ళీ మొదటినుంచి చూసింది. ఆ పిల్లకి ఎవరూ ఏమీ బోధించలేదు. మామ్మ దగ్గర విన్నది గుర్తుపెట్టుకుని, బొమ్మని కళ్ళతో చదివి, పెద్దవాళ్ళు తప్పని తేల్చింది. అప్పటిదాకా భయపడుతున్నవాళ్ళు కాస్తా ఆవిడ వెళ్ళిపోతోందనగానే దిగులు పడ్డారు. "మళ్ళీ వస్తుందా?" అని ఒకడు, "దానికి వాళ్ళమ్మ లేదా?" అని ఇంకొకడు.

అప్పుడే హెడ్‌మాస్టారు గారు లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "పిల్లలూ, ఈ కథ వల్ల మనం తెలుసుకున్న నీతి ఏమిటి?" అన్నారు. క్లాసంతా చేతులు కట్టుకుంది. గుండీ ఊడిన పిల్ల కూడా. "నీటిని! పొదుపుగా! వాడాలి!"

ఆయన కూడా ఆ పత్రిక చదివారన్నమాట.

ఇక వ్యవహారం. ఈ కథని పుస్తకంగా నేనే వేయించుకుంటున్నాను. పదహారు పేజీల ఫారాలు రెండు, మొత్తం 32 పేజీలు. గిలక చప్పుడు కుడిపేజీ అడుగునే ఉంటుంది. అడుగుల వేళ్ళు గుమ్మం వైపే ఉంటాయి. చివరి పేజీలో, తమరు మామూలుగా కుర్చీ వేసుకునే చోటంతా, బావి లోపలి భాగం గీశాను. అంచుల దాకా నల్లసిరాయే. అలవాటు కొద్దీ అక్కడికొస్తే తమరు నలుపు మీద తెల్ల అక్షరాల్లో రావాల్సి ఉంటుంది. ప్రెస్సులో కనుక్కున్నాను. అంత చిన్న సైజులో తెల్ల అక్షరాలు వేస్తే సిరా కమ్ముకొచ్చి గుడులు, సున్నాలు, ఒత్తులు పూడిపోతాయట. దీర్ఘాలూ సున్నాలూ పోయాక తమరిలో ఏం మిగులుతుందో తమరే చూసుకోవాలి.

అయినా వస్తానంటే రండి. గట్టు మీద పాకుడు పట్టి ఉంది, కాళ్ళు జాగ్రత్త. లోపల ఒకావిడ ఉంటుంది, తాడు అందిస్తుంది. తమరూ ఓ చెయ్యి వెయ్యండి.

ఇట్లు,
తమ విధేయురాలు కాని
దయ్యాల కథల రచయిత్రి