గేలం దారం చూసి నవ్వుతారా?

ఇప్పుడే షూటింగ్ రేంజ్ నుంచి ఇంటికొచ్చానండి, ఇంకా కోపంతో చేతులు వణుకుతున్నాయ్. భీమవరం పక్కన రొయ్యల చెరువుల మీద పనిచేసే ఆయన కొడుకు ఒకడు మా దగ్గర టెన్ మీటర్ ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడు, 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా గోల్డ్ కొట్టిన ఈవెంటే. బ్యారెల్, అంటే రైఫిల్ గొట్టం, లోపల తుడుచుకోడానికి వాడికి నేనే ఒకటి చేసిచ్చా. నాలుగు మూరల గేలం దారం, మధ్యకి మడిచి కొసన ఉచ్చు, ఉచ్చులో పాత బనీను ముక్క. ఇరవై రూపాయలు కూడా అవ్వలేదు.

ఇవాళ ఓ పెద్దమనిషి అది చూసి అందరి ముందూ "ఏరా, చేపలు పట్టడానికొచ్చావా" అని నవ్వి, తన కిట్లోంచి స్టీలు రాడ్డు తీసి ఆ కుర్రోడి రైఫిల్‌లో మూతి వైపు నుంచి దూర్చి టకటకా ఆడించేశాడు. మూతి వైపు నుంచండీ! ఆ అంచు ఒక పక్క కొంచెం అరిగినా గుండు బయటికొచ్చేటప్పుడు గాలి సమానంగా వదలదు, పక్కకి పోతుంది. టార్గెట్ నడిమధ్య పది పాయింట్లిచ్చే టెన్ రింగ్ అంటే అర మిల్లీమీటరు చుక్క!

నేనిచ్చిన దారమైతే గుండు పెట్టే వైపు నుంచి దూర్చి ఒక్క లాగుడులో మూతిలోంచి బయటికి తీయాలి. మొదటి గుడ్డ కాటుకలా వస్తుంది, అదంతా సీసం, నాలుగో ఐదో ముక్కకి తెల్లగా వస్తుంది. లోపల గరుగ్గా ఉండి పాలిష్ పెట్టాలన్నా ఇదే దారం, మడత విప్పి మధ్యలో గుడ్డ బదులు నూలు పోగులు బిగించి చుట్టి, మెటల్ పాలిష్ గోరంత రాసి అటూఇటూ లాగాలి గానీ మూతికి అంగుళం ముందే ఆపేయాలి, ఎమెరీ పేపర్ జోలికి అస్సలు పోకూడదు.

ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్ తుడవడానికి మాకిచ్చింది కూడా తాడూ చిందీ గుడ్డేగా, వాళ్లకి లేని నామోషీ ఈయనకేంటి?

అసలు రెండేళ్ల కింద ఈయన మాట వినే 2,400 పెట్టి ఇంపోర్టెడ్ కిట్ కొన్నా, నెల తిరక్కుండానే బ్రష్షు పోగులు ఊడి బ్యారెల్లో ఇరుక్కున్నాయి, అడిగితే "నీకు వాడ్డం రాదు" అన్నాడు. అవి మా అమ్మ చీటీ డబ్బులండీ.

ఆ కుర్రోడు మాత్రం ఏమీ అనలేదు. దారం వేలికి చుట్టి జేబులో పెట్టేసుకున్నాడు, ప్రాక్టీస్ అయ్యేదాకా మళ్లీ బయటికి తియ్యలేదు. రేపు పొద్దున్నే వెళ్తున్నా, నా రైఫిల్ ఆయన ఎదురుగానే గేలం దారంతో తుడుస్తా.