తీసేయాల్సింది తీసేశాక మిగిలే సాక్ష్యమెంత?

గుంటూరు సెషన్స్ కోర్టు 1945లో తీర్పు చెప్పిన ఒక అల్లర్లు, హత్యల కేసు మద్రాసు హైకోర్టు మీదుగా అప్పట్లో మన చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. పులుకూరి కోటయ్య కేసుగా పేరుపడిన ఆ తీర్పును మన వకీళ్లు సాధారణంగా ఒక్క విషయానికే వాడుతుంటారు: పోలీసుల ఎదుట నిందితుడు చెప్పిన మాటల్లో ఎంత చెల్లుతుంది అన్నదానికి. కానీ విచారణలో దొర్లిన తప్పును అప్పీలు కోర్టు ఎలా తూచాలన్నది కూడా అందులోనే ఉంది.

అప్పీలుదారులు ప్రధానంగా రెండు తప్పులు ఎత్తిచూపారు. సాక్షులు పోలీసులకిచ్చిన వాంగ్మూలాల నకళ్లు క్రాస్ ఎగ్జామినేషన్‌కు అక్కరకొచ్చేలా అందలేదన్నది మొదటిది. అది తప్పే అయినా, ఈ కేసులో దానివల్ల నిందితులకు నష్టం జరగలేదని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. రెండోది అంత తేలిగ్గా పోలేదు. కాపు కాసి కొట్టి చంపామనీ, బల్లేన్నీ కర్రనూ ఊళ్లో ఫలానా వారి వామిలో దాచాననీ, వస్తే చూపిస్తాననీ ఒక నిందితుడు చెప్పిన వాంగ్మూలం మొత్తాన్నీ కింది కోర్టులు సాక్ష్యంగా తీసుకున్నాయి. వామిలో దాచిన మాట, చూపిస్తానన్న మాట తప్ప మిగతాదేదీ చెల్లదని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. అయితే అంతటితో నిందితులను వదిలిపెట్టలేదు, వేరే సాక్ష్యం ఎలాగూ ఉంది కదా అని శిక్షను నిలబెట్టనూ లేదు. చెల్లనిదాన్ని పక్కనపెట్టి, మిగిలిన సాక్ష్యం శిక్షకు సరిపోతుందో లేదో చూడమని కేసును హైకోర్టుకు తిప్పి పంపింది.

నేటి చట్టంలోనూ సూత్రం అదే. చేర్చకూడని సాక్ష్యాన్ని చేర్చినంత మాత్రాన తీర్పు రద్దు కాదని పాత సాక్ష్య చట్టం 167వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 169వ సెక్షన్ చెబుతాయి. న్యాయానికి భంగం కలిగితేనే విచారణ లోపాలను పట్టించుకోవాలని క్రిమినల్ కేసుల విధానాన్ని చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 511వ సెక్షన్ అంటుంది. ఇది సమంజసమే. ప్రతి పొరపాటుకూ శిక్ష కొట్టేస్తూ పోతే హతుల కుటుంబాలకు దిక్కుండదు. చిక్కల్లా ఈ సూత్రాన్ని ప్రయోగించే తీరులో ఉంది. "ఈ లోపం వల్ల నిందితుడికి నష్టం జరగలేదు" అని ఒక్క వాక్యం రాసి ముందుకు సాగిపోవడం తీర్పుల్లో అరుదేమీ కాదు. చెల్లని సాక్ష్యమేదో, అది పోగా ఏ సాక్షి చెప్పినది మిగిలిందో, అది ఎందుకు సరిపోతుందో రాయని తీర్పును పునఃపరిశీలన అనలేం.

శిక్షపై మొదటి అప్పీలులో వాస్తవాలనూ చట్టాన్నీ మళ్లీ చూడటం కోర్టు విధి. వకీలు రాకపోయినా రికార్డు చదివే అప్పీలును తేల్చాలని 1996లో బానీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సాక్షి తడబడ్డాడో, ధీమాగా చెప్పాడో అప్పీలు జడ్జి చూడలేరు. వారి ముందుండేవి కాగితాలే కాబట్టి, వాటినైనా పూర్తిగా చదవాలి. 2007లో విజయవాడలో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో 2010లో శిక్ష పడిన వ్యక్తిని హైదరాబాద్ హైకోర్టు 2017 మార్చిలో నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలంది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. రికార్డును ఆ శ్రద్ధతో చూడటం ఆరేళ్లకు పైగా ఆలస్యమైంది.

511వ సెక్షన్‌లోనే మరో మెలిక ఉంది: అభ్యంతరాన్ని కేసులో అంతకు ముందు దశలోనే చెప్పగలిగి ఉండేదా, చెప్పాల్సిందా అన్నది కూడా కోర్టు చూడాలి. పేరున్న క్రిమినల్ లాయర్‌ను పెట్టుకోగలిగిన నిందితుడి విషయంలో ఈ ప్రశ్న న్యాయమైనదే. న్యాయ సహాయం కింద వచ్చి, కేసు కట్టను సరిగా తిరగేసే వ్యవధి కూడా దొరకని వకీలు మౌనంగా ఉండిపోతే, దాన్ని నిందితుడి ఖాతాలో వేయమని మాత్రం ఆ సెక్షన్ ఎక్కడా చెప్పలేదు.