అంచున లేని అగ్నిపర్వతం

హవాయిలోని కిలౌయా అగ్నిపర్వతం గురించి పిల్లల కోసం మీరు రాసిన వ్యాసం మా అమ్మాయితో కలిసి చదివాను. బొమ్మలు చాలా బాగున్నాయి. కానీ అగ్నిపర్వతాలు భూఫలకాల (భూమి పైపొరలోని పెద్ద రాతి పలకల) అంచుల్లోనే పుడతాయని అందులో ఉన్న వాక్యం మాత్రం దయచేసి మార్చండి. కిలౌయా ఉన్న హవాయి దీవులు పసిఫిక్ ఫలకానికి దాదాపు నడిమధ్యన ఉన్నాయి, అంచులు వేల కిలోమీటర్ల దూరం.

అక్కడ భూమి లోతుల్లోంచి వేడి ఒకేచోట పైకి తన్నుకొస్తుంది. దాన్ని హాట్‌స్పాట్ అంటారు. పైన ఉన్న ఫలకం ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున వాయవ్యంగా జరుగుతుంటే, కుట్టుమిషన్ సూది కింద గుడ్డ జరిగినట్టు, ఒకదాని తర్వాత ఒకటి దీవులు పుట్టుకొచ్చాయి. అందుకే వాయవ్యాన ఉన్న కవాయి దీవి వయసు దాదాపు 50 లక్షల ఏళ్లు, కిలౌయా ఉన్న పెద్ద దీవి పది లక్షల ఏళ్లు కూడా నిండనిది. ఇంకా ఆగ్నేయంగా, సముద్రం అడుగున మరో అగ్నిపర్వతం ఇప్పుడు పెరుగుతోంది! పిల్లలకు ఇది చెప్పకపోతే ఎలా?

లావా ఎప్పుడూ శిఖరం నుంచే పొంగుతుందని కూడా వాళ్లు అనుకుంటారు. 2018లో కిలౌయా శిఖరానికి సుమారు 40 కిలోమీటర్ల అవతల, ఇళ్ల మధ్య నేల చీలి లావా బయటికొచ్చింది. కింద శిలాద్రవం (కరిగిన రాయి) ఖాళీ అయ్యేసరికి శిఖరం దగ్గరి బిలం అడుగు కొన్నిచోట్ల 500 మీటర్ల దాకా కుంగిపోయింది.

లావా గాలికి సాగి వెంట్రుకల్లా గడ్డకడితే ఏర్పడే బంగారు రంగు గాజు పోగుల ఫోటో ఒకటి పెట్టండి. అవి గుచ్చుకుంటాయి, ముట్టుకోవద్దని కూడా రాయండి.