తామరకు ‘మూడు రోజుల ట్యూబ్’: ఆ మెసేజ్‌ని నమ్మకండి

వానలు మొదలయ్యాక ఒక వాట్సాప్ మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. “తామర వస్తే డాక్టర్ల చుట్టూ తిరిగి డబ్బులు తగలేసుకోకండి. మెడికల్ షాపులో నాలుగు మందులు కలిసిన ట్యూబ్ అడగండి, మూడు రోజుల్లో మాయం. పైపూతే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. దురద తగ్గాక ఆపేయండి, మళ్ళీ వస్తే మళ్ళీ రాయండి.” ఇదీ దాని సారాంశం. నేను ఫార్మసిస్టుని, పన్నెండేళ్లుగా కౌంటర్ వెనకే ఉన్నాను. ఫోన్‌లో ఈ మెసేజ్ చూపించి ట్యూబ్ అడిగేవాళ్ళు రోజూ వస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

“మూడు రోజుల్లో మాయం.”

మాయమయ్యేది దురద, ఎరుపు. తామర కాదు. తామర అంటే చర్మం పైపొరలో బూజులా పెరిగే ఫంగస్. దాన్ని తరిమేయడానికి ఒళ్ళు పోరాడుతుంటే దురద, ఎరుపు వస్తాయి. ఇలాంటి ట్యూబుల్లో తరచూ కలిపే క్లోబెటసాల్ చాలా ఘాటైన స్టెరాయిడ్. అది ఆ పోరాటాన్నే అణిచేస్తుంది. రెండో రోజుకే హాయిగా ఉంటుంది, ఫంగస్ మాత్రం అడ్డూ ఆపూ లేకుండా పాకుతుంది. ట్యూబ్ ఆపగానే దురద తిరగబెడుతుంది, రూపాయి బిళ్ళంత మచ్చ అరచేయంత అవుతుంది. గుండ్రటి అంచు కూడా చెదిరిపోయి, చూడగానే తామర అని డాక్టర్ కూడా చెప్పలేని స్థితి వస్తుంది. అప్పుడు చర్మం గీకి మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాలి.

“నాలుగు మందులు కలిసిన ట్యూబ్.”

డబ్బా మీది చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. క్లోబెటసాల్, ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్. ఫంగస్‌ను చంపేది చివరిదొక్కటే. ఒఫ్లాక్సాసిన్ బాక్టీరియా మందు, ఆర్నిడజోల్ అమీబా లాంటి వాటికి వాడేది. తామరకు ఆ రెండింటితో పనే లేదు. సరిగ్గా ఈ కలయికతో సహా 328 రకాల మిశ్రమ మందులను కేంద్రం 2018 సెప్టెంబరులో నిషేధించింది. వేరే స్టెరాయిడ్‌తో, వేరే కలయికతో అలాంటివి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఘాటైన స్టెరాయిడ్ క్రీములను అదే ఏడాది షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు. నా తోటి వృత్తివాళ్ళ గురించి ఈ మాట చెప్పడం నాకు బాధగానే ఉంది.

“పైపూతే కదా.”

పోయిన ఏడాది ఒక హాస్టల్ కుర్రాడు ఖాళీ ట్యూబ్ పట్టుకుని వచ్చాడు. అడుగున చుట్టి చుట్టి చివరి బొట్టు దాకా పిండేసి ఉంది. “అన్నా, ఇదే ఇంకోటి ఇవ్వండి” అన్నాడు. ఎన్నాళ్ళుగా రాస్తున్నావు తమ్ముడూ అంటే, ఐదు నెలలన్నాడు. పక్కకు తీసుకెళ్ళి అడిగితే సిగ్గుపడుతూ షార్ట్ కొంచెం పైకి లాగి చూపించాడు. తొడ లోపలివైపు వేలెడు వెడల్పున ఎర్రటి చారలు, చర్మం ఉల్లిపొరలా పలచబడి సన్నటి నరాలు కనిపిస్తున్నాయి. గజ్జల్లో, చంకల్లో చర్మం అసలే పలచన, మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. తామర తగ్గినా ఆ చారలు పూర్తిగా పోవు. వాడికి ట్యూబ్ ఇవ్వలేదు, చర్మం డాక్టర్ దగ్గరికి పంపాను.

“దురద తగ్గాక ఆపేయండి.”

స్టెరాయిడ్ లేని ఫంగస్ మందును మచ్చ కనిపించకుండా పోయాక కూడా ఇంకో రెండు వారాలు రాయాలని చర్మ వైద్యులు చెబుతారు. మచ్చ మీదే కాదు, చుట్టూ రెండు సెంటీమీటర్ల దాకా పూయాలి. అరకొర వాడకం, స్టెరాయిడ్లు కలిసి మన దేశంలో తామరను మొండిగా మార్చాయి. టెర్బినఫిన్‌కు కూడా లొంగని ఒక రకానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ట్రైకోఫైటన్ ఇండోటినియే. ఆ పేరులోనే మన దేశం ఉంది. 2023లో న్యూయార్క్‌లోనూ దాన్ని గుర్తించారు.

ఇంట్లో ఒకే తువ్వాలు వాడుకుంటే ఏ మందైనా వృథాయే, ఆ సంగతి ఈ మెసేజ్‌లో ఎక్కడా లేదు. దురద ఉన్నవాళ్ళందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి. బట్టలు వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. తడిసిన జీన్స్‌తో రోజంతా ఉండకూడదు.

మందుల షాపుకే రావద్దని నేననను. ఒకటి రెండు చిన్న మచ్చలైతే స్టెరాయిడ్ లేని, క్లోట్రిమజోల్ లాంటి ఒకే మందున్న క్రీమ్ అడగండి, ఎలా రాయాలో ఫార్మసిస్టు చెబుతాడు. పసిపిల్లలకు, గర్భిణులకు, షుగర్ ఉన్నవాళ్ళకు వస్తే, తలలోనో గోళ్ళలోనో వస్తే, ఒళ్ళంతా పాకితే నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. ఇప్పటికే నెలల తరబడి ఆ ట్యూబ్ రాస్తున్నవాళ్ళు వాడిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి. ఏ స్టెరాయిడ్ ఎన్నాళ్ళు పడిందో చూశాకే ఆయన మందు రాయగలడు.