రిపోర్టులు నార్మలే, బొడ్డు మాత్రం ఆరలేదు

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి రక్తస్రావంతో బిడ్డను ఎత్తుకొచ్చేవాళ్ల దగ్గర మామూలుగా ఉండే రిపోర్టులు మూడు: ప్లేట్‌లెట్ల లెక్క, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం కొలిచే పీటీ, ఏపీటీటీ. మూడూ బాగున్నాయి కాబట్టి గడ్డకట్టే లోపం లేదనడం తొందరపాటు. రక్తంలో గడ్డను గట్టిపరిచే ప్రోటీన్ ఫ్యాక్టర్ 13. దాని లోపం ఈ మూడింటికీ చిక్కదు.

పీటీ, ఏపీటీటీ గడ్డ ఏర్పడే క్షణం వరకే కొలుస్తాయి. ఫ్యాక్టర్ 13 పని ఆ తర్వాతే మొదలు. గడ్డకు వలలా ఉండే ఫైబ్రిన్ పోగులను ఒకదానికొకటి బిగించేది అదే. అది లేని గడ్డ, ఆకులు పేర్చి పుల్ల గుచ్చని విస్తరి లాంటిది. చూడ్డానికి విస్తరే, వడ్డించబోతే విడిపోతుంది. అందుకే దెబ్బ తగిలినప్పుడు ఆగిన రక్తం ఒకట్రెండు రోజులకు మళ్లీ కారుతుంది. తీవ్ర లోపమున్న పిల్లల్లో చాలామందికి తొలి గుర్తు బొడ్డు దగ్గరే: రోజుల తరబడి బట్టకు నెత్తురు అంటుతూనే ఉంటుంది. ఖరీదైన పరీక్షల ప్యానెల్ రాసే ముందు డాక్టరు అడగాల్సింది దీని గురించే. మేనరికమా అన్నది రెండో ప్రశ్న. తల్లీతండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా లోపమున్న జన్యువు మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, ఆడైనా మగైనా. ఎక్కువగా మగపిల్లలకే వచ్చే హీమోఫీలియా లెక్కలో ఆడపిల్లను పక్కన పెట్టేస్తే ఇక్కడ మోసపోతాం.

అసలు చిక్కు దారిలో వస్తుంది. బిడ్డ పాలిపోయిందని ఊళ్లోనే ప్లాస్మా ఎక్కించి పంపుతారు. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ సంచి తగిలించే ముందే నీలం మూత ట్యూబులో గీత దాకా రక్తం తీసి ఉంచాలి. గీతకు తగ్గితే ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే సిట్రేట్ మందు వాటా ఎక్కువై ఏపీటీటీ లేనిపోని ఆలస్యం చూపిస్తుంది. ప్లాస్మా పడ్డాక తీస్తే, గడ్డ యూరియాలో కరుగుతుందా అని చూసి ఫ్యాక్టర్ 13 లోపాన్ని పట్టే యూరియా పరీక్ష దండగ. 5 మోలార్ యూరియాలో 24 గంటల్లోపు కరిగిపోవాల్సిన గడ్డ, ప్లాస్మాతో వచ్చిన దాత ఫ్యాక్టర్ 13 కొద్దిగా ఉన్నా నిలబడిపోతుంది. ఈ ఫ్యాక్టర్ సగానికి తగ్గడానికే 9 నుంచి 12 రోజులు పడుతుంది మరి.

చికిత్సలో మాత్రం ఆ నిదానమే కలిసొస్తుంది. 10 నుంచి 20 కిలోల బరువుకు ఒక సంచి క్రయోప్రెసిపిటేట్ (ప్లాస్మా నుంచి తీసి ఫ్రీజర్‌లో ఉంచే, ఫ్యాక్టర్ 13 ఉండే భాగం, క్లుప్తంగా క్రయో) చొప్పున 3, 4 వారాలకోసారి ఎక్కిస్తే సరిపోతుంది. దాన్ని తప్పించకూడదు, ఎందుకంటే తీవ్ర లోపంలో సుమారు 30 శాతం మందికి మెదడులో రక్తస్రావం జరుగుతుంది. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, కండకు ఇంజెక్షన్ వద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం రక్తవ్యాధుల్లో హీమోఫీలియా, తలసీమియా, సికిల్‌సెల్ పేర్లే చెప్పింది. ఈ పిల్లల ఊసు లేదు.

తలకు దెబ్బ తగిలితే సీటీ స్కాన్ కోసం ఆగకూడదు. ఫ్రీజర్‌లో మంచులా బిగుసుకున్న క్రయో 37 డిగ్రీల నీటిలో కరగడానికే పావుగంట వరకు పడుతుంది. బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేశాకే బిడ్డను స్కాన్ గదికి తీసుకెళ్లాలి.